పడటం

ఏడింటికి, హెబ్బాళ చెరువు మీద మంచు లేవకముందే
చేతులు రుద్దుకుని వెచ్చబెట్టుకుంటాను.
వేళ్ళు చల్లగా ఉంటే ఎలుక పొట్ట బిగుసుకుంటుంది,
గుండె దొరకదు.

బొటనవేలూ చూపుడువేలూ, అంతే నా పరికరాలు.
నల్ల ఎలుక పొట్టలో
తెల్ల ఎలుక గుండె.
సొంత గుండె పైన దాని పని అది చేసుకుంటోంది.
ఇది ఉద్యోగం లేని గుండె,
ఒంటికి రక్తం పంపే బాధ్యత లేదు, ఊరికే కొట్టుకుంటుంది.
డాక్టర్ పొన్నమ్మ దాన్ని కుట్టింది
కంటికి ఆనని దారంతో, మైక్రోస్కోపు కింద, నలభై నిమిషాలు,
దగ్గొస్తే మింగేసి.

గట్టిగా కొడితే నాలుగు. తడబడితే రెండు.
ఏమీ తగలకపోతే సున్నా.
మందు ఇవ్వనివాటికి ఎనిమిదో రోజున సున్నా.
నాకు ఏడో రోజే తెలిసిపోతుంది:
నానని శనగగింజలా
వేలి కింద అటూ ఇటూ జారుతుంది.

అయినవాళ్ళకు ఆకుల్లో, కానివాళ్ళకు కంచాల్లో అని
మా జేజి తాతను దెప్పేది.
ఒంటికి ఆ మర్యాద తెలియదు.
కానివాడు గడప తొక్కితే కత్తి తీస్తుంది.
రొమ్ము ఎముక వెనక దానికో బడి ఉంది,
అయినవాళ్ళ మీద చెయ్యెత్తిన పిల్లకాయలు
ఆ బడి నుంచి బయటికి రారు.
పాసై కాపలాకు వచ్చేది
నూటికి ముగ్గురో నలుగురో.

ముప్పై ఏడో నంబరుకు మొదటి వారంలో నాలుగు సూదులు.
కాపలావాడు లేవాలంటే రెండు కేకలు వినబడాలట,
ఈ మందు రెండో కేక నోరు మూస్తుంది.
ఎనిమిదో రోజు: నాలుగు.
ఇరవయ్యో రోజు: నాలుగు.
వినాయక చవితి సెలవునాడు కూడా వచ్చి తాకాను,
నాలుగే.

దీన్ని టాలరెన్స్ అంటారు.
తెలుగులో సహనం అని ఏదో పుస్తకంలో రాసుంది.
సహించాలంటే ముందు నొప్పి ఉండాలి కదా,
మత్తికెరెలో మా ఓనరమ్మ
నా ఎండుచేపల వాసనను సహించినట్టు.
ఈ ఎలుక సుఖంగా మూతి తుడుచుకుంటోంది.
బోన్లు కడిగే తిప్పేస్వామి తొంగిచూసి
"ఒగ్గిదె" అన్నాడు కన్నడంలో.
అప్పుడు దొరికింది నాకు మాట.

పడటం.
ఆ ఊరి నీళ్ళు పడ్డాయా అని అమ్మ ఫోనులో అడిగేది అదే.
వాడికీ నాకూ పడదు అంటామే, అదే.
కదిరి దగ్గర మా చేలో ఆరువందల అడుగుల లోతు దాకా
నాయన వెతికిందీ ఆ మాటనే,
ఇంకో అర్థంలో.

నూరో రోజున రిమార్కుల గడిలో
పడింది అని తెలుగులో రాశాను.
పొన్నమ్మకు అక్షరాలు వచ్చు, అర్థం సగమే వచ్చు.
పరుగున వచ్చింది: "పడిపోయిందా? ఎప్పుడు?"
కొట్టేసి నాలుగు వేశాను.

తర్వాత పరీక్ష. వీపు మీద రెండు చర్మం ముక్కలు,
ఒకటి ఆ తెల్ల వంశానిదే,
ఒకటి ఎవరో గోధుమరంగు ఎలుకది.
పన్నెండో రోజుకు గోధుమది అప్పడంలా ఎండి ఊడింది.
కాపలా నిద్రపోలేదన్నమాట.
తెల్లది ఉండిపోయింది.
నెల తిరిగేసరికి నల్ల వీపు మీద
వేలిగోరంత మేర
తెల్ల వెంట్రుకలు మొలిచాయి, ఎవరో దువ్వినట్టు వాలి.
పొన్నమ్మ ఆ రోజు అందరికీ ఫిల్టర్ కాఫీ చెప్పింది.

పడిందని నిరూపించాలంటే కోసి చూపాలి. అది పద్ధతి.
శుక్రవారం పొద్దున ఆఖరిసారి తాకాను,
కావలసినదానికన్నా కాస్త ఎక్కువసేపు.
మత్తు ఇచ్చి, గుండె తీసి
పొన్నమ్మ చల్లటి ఉప్పునీళ్ళ గిన్నెలో వేసింది.
అది వెంటనే ఆగలేదు.
ఆ గిన్నెలో కొట్టుకున్నదాన్ని రాయడానికి
షీటులో గడి లేదు.
ఇద్దరం చూస్తూ నిలబడ్డాం.

సాయంత్రం తిప్పేస్వామి
ముప్పై ఏడో నంబరు చీటీ బోను మీద నుంచి పీకి,
వెనకవైపు ఖాళీగా ఉందని
పాల లెక్క రాసుకున్నాడు.